లిషీన్ పొలంలో తెల్ల రాళ్ళు

ఫెస్టీ మానియన్‌కి బాగా వచ్చిన పనులు నాలుగు. బురదనేలలో మండే మట్టిని ఇటుకలుగా కోసి ఆరబెట్టడం, సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ లేపడం, సముద్రపు నాచు ఎరువుగా పరిచి బంగాళాదుంపలకు గట్లు తీయడం, నోరు మూసుకుని ఉండడం. మొదటి మూడూ తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నాలుగోది రాస్‌కీల్‌లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. పడమటి గాలితో పాటే ఒంటికి పడుతుంది.

రాస్‌కీల్ అంటే అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన రాతి ముక్క. అక్కడ చిట్టచివరి ఇల్లు మానియన్లది. పదిహేడేళ్ళకి ఫెస్టీ ఇంగ్లండు వెళ్ళి ఏడు శీతాకాలాలు సొరంగాలు తవ్వాడు. తిరిగొచ్చి అవతలి ఒడ్డు అమ్మాయి డీలియాని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అతనికంటే బాగా తెడ్డు వేసేది, ఇద్దరి వంతూ తానే మాట్లాడేది. ఇద్దరు కొడుకులు. ఒకడు గాల్వేలో బస్సు నడుపుతాడు, రెండోవాడు అక్కడే బడిపంతులు. ఆ ఇద్దరికీ ముందు ఇంకో కాన్పు ఉంది. దాని గురించి ఆ ఇంట్లో ఎప్పుడూ మాట రాలేదు.

నాలుగేళ్ళ కిందట కొండ అంచున ఒంటరిగా బతికిన ముసలాయన పోతే, ఆయన పన్నెండెకరాలూ ఇల్లూ కొనుక్కుని పదకొండు మంది వచ్చారు. సగం మంది కాథలిక్కులు, సగం మంది కారు, ఒకాయన ఏమిటో ఆయనకే తేలలేదు. వాళ్ళ పెద్ద ఊనా ప్రెండర్‌గాస్ట్, డబ్లిన్‌లో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ ఒడ్డునే రాతి గుడిసెల్లో బతికిన సన్యాసుల్లా బతకాలని వాళ్ళ కోరిక. రోజుకు అయిదుసార్లు గంట, మోగినప్పుడల్లా ప్రార్థన. తిండి తమ చేతులతో పండించినదే. గేటుకు తాళం ఉండకూడదు, వచ్చినవాడిని ఎవరని అడగకుండా అన్నం పెట్టాలి. తాము పోయేనాటికి నేల తాము వచ్చినప్పటికంటే బీదగా ఉండకూడదు. అందుకని బురదనేల కోసి ఆ మండే మట్టి ఇటుకలతో చలిమంట వేసుకోరు. చలికాలంలో గొంగళ్ళు కప్పుకుని వణుకుతూ కీర్తనలు చదువుతారు.

"పాపం, దేవుడి కోసం వచ్చారు. జనవరి దాకా ఉంటారులే," అంది డీలియా.

ఉండేవారు కారు కూడా. మొదటి శీతాకాలం వాళ్ళు కట్టిన గోడ మూడుచోట్ల కూలింది, దుంపలు నీళ్ళలో కుళ్ళిపోయాయి. ఫెస్టీ మూడు రోజులు రోడ్డు మీద నిలబడి వాళ్ళ తవ్వకం చూశాడు. నాలుగో రోజు ఇక చూడలేక లోపలికి వెళ్ళి, గారెత్ అనే వడ్రంగి చేతిలోంచి పార లాక్కున్నాడు. గారెత్ వేల్స్ నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు, కర్ర పని తెలిసినా మట్టి పని తెలియనివాడు. ఆ రోజు నుంచి ఫెస్టీ వాళ్ళ మనిషి అయిపోయాడు. నాచు ఎప్పుడు కోయాలో, గట్టు ఎటువైపు తీయాలో, ఏ రాయి మీద ఏ రాయి కూర్చుంటుందో చెప్పాడు. పాత సన్యాసులు మెడలోతు సముద్రంలో నిలబడి కీర్తనలు పాడేవారని ఊనా ఫిబ్రవరిలో నీళ్ళలోకి దిగితే, ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని నిలబడిందీ అతనే.

"ఆ సన్యాసులకి తువ్వాళ్ళు ఎవరు పట్టుకున్నారో పుస్తకంలో రాశారా అమ్మా?" అని అడిగాడు.

ఊనాకి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, నవ్వు కూడా వచ్చింది.

వాళ్ళ నియమాల్లో ఒకటి మాత్రం ఫెస్టీకి ఎప్పటికీ ఇబ్బందే. ప్రతి మనిషికీ ఒక ఆత్మబంధువు ఉండాలి. మనసులోది దాచకుండా ఆ ఒక్కరికీ చెప్పుకోవాలి, వాళ్ళది తాను వినాలి. ఆత్మబంధువు లేని మనిషి తల లేని మొండెం అని పాతకాలం మాట. గారెత్ వచ్చి ఫెస్టీని ఎంచుకున్నాడు. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ గోడ మీద కూర్చునేవారు. విడిపోయిన పెళ్ళాం గురించీ, మానేసిన తాగుడు గురించీ, దేవుడు వినడం లేదేమోనన్న భయం గురించీ గారెత్ చెప్పేవాడు. ఫెస్టీ అంతా వినేవాడు. తన వంతు వస్తే, "ఈ వారం గాలి దక్షిణానికి తిరిగింది," అనేవాడు.

ఆ పన్నెండెకరాల్లో, ఊరివాళ్ళు మొక్కుకుని చుట్లు తిరిగే ఊట పక్కన, చిన్న పొలం ఒకటుంది. దాన్ని లిషీన్ అంటారు. ఎండ బాగా పడుతుంది, నీరు నిలవదు. అయినా అక్కడ ఎవరూ దున్నరు, కొయ్యరు. గడ్డిలో సగం కూరుకుపోయిన తెల్ల రాళ్ళు అక్కడక్కడా ఉంటాయి, కొన్ని పిడికిలంత, కొన్ని రొట్టెంత. జ్ఞానస్నానం ఇచ్చేలోపే పోయిన బిడ్డని చర్చి భూమిలో పెట్టనిచ్చేవారు కారు. అలాంటి బిడ్డలకి స్వర్గం లేదు, నరకమూ లేదు, మధ్యలో ఎక్కడో ఉంటారని ఫాదర్లు చెప్పేవారు. తండ్రి తెల్లవారకముందే ఒంటరిగా పెట్టె ఎత్తుకుని లిషీన్‌కి వెళ్ళేవాడు. పూడ్చి, మీద ఒక తెల్ల రాయి పెట్టి, ఇంటికొచ్చి చేతులు కడుక్కునేవాడు. చోటు ఎక్కడో ఎవరికీ చెప్పేవాడు కాదు, తల్లికి అసలే చెప్పేవాడు కాదు. చెబితే ఆమె అక్కడే కూర్చుండిపోతుందని భయం. చాలా ఏళ్ళ తరవాత, ఆ మధ్యలో ఉండే చోటు సంగతి మేం అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదే అన్నారు చర్చి పైవాళ్ళు. చెప్పకపోతే ఇన్ని పెట్టెలు అక్కడికి నడిచి వెళ్ళాయా? ఆ మాట అడిగినవాడు లేడు.

ఫెస్టీ ఆ పొలానికి ఒకే ఒక్కసారి వెళ్ళాడు, ఇరవై అయిదేళ్ళ వయసులో.

పదకొండు మందికి ఈ సంగతి తెలియదు. ఆరో శతాబ్దంలో ఏ సన్యాసి ఏ బండ మీద పడుకున్నాడో చెప్పగలరు గానీ, తమ పెరట్లో ఎవరు పడుకున్నారో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఒకరు చెప్పే ఉంటారని ఇంకొకరు ఊరుకున్నారు. ఫెస్టీ మాత్రం ఒక అబద్ధం చెప్పాడు.

"ఆ నేల పులిసిపోయిందమ్మా. దుంప వేస్తే పుచ్చిపోతుంది. దాని జోలికి పోకండి," అన్నాడు ఊనాతో.

చదువుకున్నవాళ్ళతో అబద్ధమాడితే వచ్చే చిక్కు ఇదే. వాళ్ళు పరీక్ష చేయిస్తారు. సీసాలో మట్టి పోసి పంపితే, పన్నెండెకరాల్లోకీ మేలైన నేల అదేనని కాగితం వచ్చింది. అదే నెలలో ఫెస్టీకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో పది రోజులు, గాల్వేలో కొడుకు ఇంట్లో నెల. డీలియా కూడా అతనితోనే ఉంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఈస్టర్ ముందటి పవిత్ర వారం మొదలైంది.

సోమవారం పొద్దున గారెత్ పరుగున వచ్చి అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ప్రార్థన చేసుకునే రాతి గది చుట్టూ కొత్త దారి వేసి ఉంది. సూర్యుడు తిరిగే వైపే తిరుగుతూ ఏడు చుట్లు నడిచి ప్రార్థించే దారి. దానికి రెండు వైపులా తెల్ల రాళ్ళు తోమి కడిగి పేర్చి ఉన్నాయి.

"ఎలా ఉంది ఫెస్టీ? మీరు వచ్చేలోపు అవ్వాలని రోజూ చీకటి పడేదాకా చేశాను."

"రాళ్ళు ఎక్కడివి?"

"లిషీన్‌లోవే. ఎంత బాగున్నాయో చూడండి! నేల కూడా ఖాళీ అయింది. మీరు పుచ్చిపోతుందన్నారుగా, అదే అన్నిటికంటే మంచి నేలట." గారెత్ అతని భుజం తట్టాడు. "పెద్దవాళ్ళు కూడా తప్పులో కాలేస్తారన్నమాట."

వెనకనుంచి ఊనా వచ్చి ఫెస్టీ చెయ్యి పట్టుకుంది. "గుడ్ ఫ్రైడే నాడు మొదటి దుంప నాటాలని ఇక్కడి ఆనవాయితీ కదా. ఈసారి లిషీన్‌లో నాటుతున్నాం. మొదటి పార పోటు మీదే. కాదనకండి."

ఫెస్టీ కాదనలేదు, అవుననలేదు. మంచి రాళ్ళే అన్నాడు. ఇంటికి వచ్చి రెండు రోజులు దగ్గు వంకతో మంచం దిగలేదు.

అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే శుక్రవారం ఆ నేలలో తన పారే దిగుతుంది. చెబితే అబద్ధం బయటపడుతుంది. రాళ్ళు కదిలిన సంగతి ఊళ్ళో కొందరు అప్పటికే చూశారు. ఫెస్టీ ఒప్పుకుని ఉంటాడులే అనుకుని వాళ్ళ అలవాటు ప్రకారం నోరు విప్పలేదు. ఇప్పుడు అతను తానేమీ ఒప్పుకోలేదని నోరు విప్పితే ఆ పదకొండు మందికి ఊళ్ళో మంచినీళ్ళు పుట్టవు. కానీ నిజానికి అతని భయం ఇవేవీ కావు. డీలియా అడగని ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్ళూ అడగలేదు. రాళ్ళ సంగతి తెలిస్తే అడుగుతుంది. దానికే వణికాడు.

బుధవారం గోడ మీదికి వెళ్ళాడు. గారెత్ ఏదో మొదలుపెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఇవాళ నా వంతు," అన్నాడు.

చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. పెట్టె, తెల్లవారుజాము, రాయి. అంతే కదా. గారెత్ గోడ దిగి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏ రాయి ఎక్కడిదో నీకు గుర్తుందా?" అని అడిగాడు ఫెస్టీ.

"లేదు. చక్రాల బండిలో ఎత్తి పోశాను. తొంభై మూడు. దారికి సరిపోతాయో లేదోనని లెక్కపెట్టాను, ఫెస్టీ. లెక్కపెట్టాను."

"నీ తప్పు కాదు నాయనా. నేల పులిసిందన్నది నేను."

"డీలియాకి తెలుసా?"

"పొలం తెలుసు. చోటు తెలియదు."

"చెప్పండి."

"పెద్దవాణ్ణి, నాకు నువ్వు చెప్తావా?"

"బుధవారం బుధవారం నేను చెప్పింది మీరు విన్నారు కదా," అన్నాడు గారెత్. "ఈ ఒక్క బుధవారం మీరు వినండి."

డీలియా రొట్టె కోస్తోంది. ఫెస్టీ గుమ్మంలోనే నిలబడి, లిషీన్ రాళ్ళు వాళ్ళు తెలియక తీసేశారని చెప్పాడు. కత్తి ఆగింది. ఎవరెవరిని తిడుతుందోనని అతను ఎదురుచూశాడు. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"మనది ఎక్కడ?" అంది.

"లిషీన్‌లోనే."

"లిషీన్ అని నాకు తెలుసు. నా కళ్ళేం పోలేదు. లిషీన్‌లో ఎక్కడ?"

"చూపిస్తాను."

"యాభై రెండేళ్ళు, ఫెస్టీ! గొర్రె కుంటితే మూడూళ్ళకి చెప్పొస్తావు. ఏటేటా ఆ ఊట చుట్టూ ఏడు చుట్లు తిరిగాను, ఆ పొలం గోడ పక్కనుంచే. ఒక్కసారి వేలు పెట్టి చూపించలేకపోయావా?"

"ఫాదర్ వద్దన్నాడు. అమ్మ కూడా..."

"ఫాదర్ పోయి ముప్ఫై ఏళ్ళయింది. మీ అమ్మ పోయి నలభై. ఆ తరవాత నిన్ను వద్దన్నది ఎవరు?"

ఎవరూ లేరు. డీలియా మిగతా రొట్టె కోసింది, ఇద్దరికీ టీ పోసింది, తన కప్పు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గురువారం ఊనా, గారెత్ వచ్చారు. గారెత్ ముఖం చూస్తే వారం రోజులు లంఖణం చేసినవాడిలా ఉన్నాడు. ఊనా క్షమాపణ చెప్పింది. రాళ్ళన్నీ తిరిగి తెచ్చి పెడతామంది. కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడి, ఆ పిల్లలందరికీ ఒక ప్రార్థన జరిపిస్తానంది. బిషప్ గారిని కూడా అడుగుతానంది.

డీలియా అంతా విని, ఆమెకి కుర్చీ చూపించింది.

"ఊనా, నువ్వు మంచిదానివి. అందుకే మొహాన చెప్తున్నా. ఆ పిల్లలకి ప్రార్థన చెయ్యాల్సిన రోజున ఒక్కడు రాలేదు. ఇప్పుడు అందరూ కలిసి ఒక్కసారే మీద పడకండి. రాళ్ళు తెచ్చి గోడ పక్కన పెట్టండి. ఎవరి చోటు వాళ్ళకి తెలిస్తే వాళ్ళే తీసుకెళ్ళి పెట్టుకుంటారు."

"మేం ఇక్కడ ఉండొచ్చా?" అని అడిగింది ఊనా. నాలుగేళ్ళలో ఆమె ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

"ఉండక ఎక్కడికి పోతారు? దుంపలు వేరే చోట వేసుకోండి. రేపు మాత్రం మేమిద్దరం అక్కడికి వెళ్తాం. మీ గేటుకి తాళం ఉండదంటారుగా, లిషీన్ గోడ మీరు దాటకండి."

"అలాగే," అంది ఊనా.

శుక్రవారం మూడు గంటలకు గంట మోగింది. పదకొండు మందీ గోడ అవతల నిలబడ్డారు. పార ఎవరి చేతిలోనూ లేదు. వాళ్ళ వెనక ఊరివాళ్ళు కొందరు, పిలవకుండానే వచ్చారు. ఎనభై దాటిన ముసలాయన ఒకడు గోడ పక్కన పేర్చిన రాళ్ళ దగ్గర వంగి, ఒక్కొక్కటీ తీసి చూసి మళ్ళీ పెడుతున్నాడు.

ఫెస్టీ, డీలియా లోపలికి వెళ్ళారు. రాళ్ళు పీకిన చోట్ల గడ్డి మధ్య మట్టి కనబడుతోంది, కానీ నెల రోజుల వానలకి గుంటలు సగం పూడాయి, గొర్రెలు తొక్కిన గుంటలూ వాటిలో కలిసిపోయాయి.

"గోడ సందులోంచి ఊట వైపు తిన్నగా పదిహేడు అంగలు," అన్నాడు ఫెస్టీ. "అక్కడినుంచి సముద్రం వైపు నాలుగు." అతను ఈ లెక్క రోజూ పడుకోబోయే ముందు మనసులో చెప్పుకునేవాడు. పేర్లు, ముఖాలు మరిచిపోయిన రోజుల్లో కూడా ఇది మరిచిపోలేదు.

నడిచాడు. పదిహేడు లెక్కపెట్టి ఆగాడు. తిరిగి నాలుగు నడిచాడు. చుట్టూ చూశాడు. ఊట ఇంకా చాలా దూరంలో ఉంది. ఆ రోజు పెట్టె దించినప్పుడు నీళ్ళ చప్పుడు చెవి పక్కనే వినబడింది, అది బాగా గుర్తుంది. ఇక్కడ ఏమీ వినబడటం లేదు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. ఈసారి కాళ్ళు బారుగా చాపి నడిచాడు. ఇంకో చోట ఆగాడు. మూడోసారి మరో చోట.

"ఇక్కడేనా?" అంది డీలియా.

"కాదు. నా అంగలు మారిపోయాయి." తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "అప్పుడు పాతికేళ్ళవాణ్ణి, డీలియా. ఆ కాళ్ళు ఎంత దూరం వేసేవో నాకిప్పుడు తెలియదు."

డీలియా అతన్ని చూసింది, గడ్డిని చూసింది. కోపం తెచ్చుకోవాలంటే తెచ్చుకోవచ్చు. అతను దానికి సిద్ధంగా ఉన్నాడు, ఒక రకంగా అదే కావాలనుకున్నాడు. ఆమె చలికి శాలువా లాక్కుంది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు నాకు జ్వరంతో తెలివి లేదు. మీ అమ్మని అడిగితే, దేవదూతల్లో చేరాడు అంది. అంతే. ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. నువ్వు చూశావు కదా. ఎలా ఉన్నాడు?"

ఫెస్టీ తలెత్తాడు.

"మగపిల్లాడు కాదు, డీలియా."

"ఏమిటి?"

"ఆడపిల్ల. నల్లటి జుట్టు. చాలా జుట్టు ఉంది."

శాలువా సర్దుకుంటున్న డీలియా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, పట్టుకోవడానికి ఏదీ లేనట్టు.

"నేను ఇన్నాళ్ళూ కొడుక్కి ప్రార్థన చేస్తున్నాను," అంది. "వాడికి పేరు పెట్టుకున్నాను. వాడి పుట్టినరోజుకి ప్రతి ఏడూ ఊట చుట్టూ తిరిగాను. యాభై రెండేళ్ళు, వేరేవాళ్ళ బిడ్డకి చేసినట్టే కదా ఫెస్టీ?"

"కాదు... నాకు తెలియదు." నిజంగానే అతనికి తెలియలేదు. "ఏం పేరు పెట్టావు?"

"ఇప్పుడు నీకెందుకు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"వెళ్ళి గోడ దగ్గర నిలబడు. నాకిక్కడ కొంచెం పనుంది," అంది డీలియా.

అతను వెళ్ళాడు. గారెత్ పక్కకి జరిగి చోటిచ్చాడు. పొలంలో డీలియా మెల్లగా గడ్డిలో కూర్చుంది. అతను మొదటిసారి ఆగిన చోట కాదు, రెండోసారి, మూడోసారి ఆగిన చోట్లా కాదు, తన కాళ్ళు ఎక్కడ అలిసిపోయాయో అక్కడ. అరచేయి నేల మీద ఆనించింది. ఆమె పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఒక ఆడపిల్ల పేరు ఎంచుకుంటోందని ఫెస్టీకి అర్థమైంది. ఒకటి అనుకుని కాదనుకుని, ఇంకొకటి వెతుక్కుంటోంది. గాలి సముద్రం మీదినుంచి వీస్తోంది. ఏ పేరు దగ్గర ఆగిందో అతనికి వినబడలేదు.